పెరటి చెరువు – చేపల ఆరోగ్యం

యానాం పేరు చెప్పగానే చాలామందికి పులస చేప గుర్తుకు వస్తుంది. వరద నీరు ఎర్రబడే రోజుల్లో సముద్రం నుండి గోదావరిలోకి ఎదురీది వచ్చే ఆ చేప రుచి గురించి 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అనే సామెత కూడా పుట్టింది. కాని పులస ఏడాదిలో కొద్ది వారాలపాటే దొరుకుతుంది. దాని వెల అందరికీ అందేది కాదు. సామాన్య కుటుంబానికి ఏడాది పొడవునా కూరకు ఆధారమయ్యేవి చెరువుల్లోనూ, గుంటల్లోనూ పెరిగే చేపలే.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం, చుట్టూ ఆంధ్రప్రదేశ్ గ్రామాలు ఉన్న చిన్న ప్రాంతం. 1954 వరకు ఇది ఫ్రెంచివారి పాలనలో ఉండేది. గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ చీలేది ఇక్కడే. ఈ యానాంలోని పల్లెలలో కనకాలపేట ఒకటి. గోదావరి డెల్టాలో నేల పల్లంగా ఉంటుంది. ఇల్లు కట్టుకునేవారు ముందుగా స్థలాన్ని మెరక చేసుకోవాలి. అందుకోసం మట్టి తవ్వి తీసిన చోట గుంట మిగులుతుంది. వానకు నిండిన ఆ గుంటలో నాలుగు చేప పిల్లలను వదిలితే అదే పెరటి చెరువు అవుతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ వంటి చేపలు ఇటువంటి నీటిలో చక్కగా పెరుగుతాయి.

అయితే చేపలను పెంచడం ఎంత తేలికగా కనిపిస్తుందో వాటి జబ్బును తెలుసుకోవడం అంత తేలిక కాదు. ఆవు మేత మానితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కోడి మూల నక్కి కూర్చుంటే వెంటనే కంటపడుతుంది. చేప నీటి అడుగున ఉంటుంది. దానికి సుస్తీ చేసిన సంగతి మనకు తెలిసేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. కాబట్టి చేపల వైద్యంలో మందుకంటె ముందు కావలసింది పరిశీలన.

కనకాలపేటలో ఒక ఇంటి వెనుక 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న చెరువు ఒకటి ఉన్నదనుకుందాం. అందులో 150 చేపలు ఉన్నాయి. సంక్రాంతికి పట్టి అమ్మితే పిల్లల చదువు ఖర్చులకు అక్కరకు వస్తాయని ఆ ఇంటివారి ఆశ. ఒకనాడు తెల్లవారుజామున ఇల్లాలు కళ్ళాపి చల్లడానికి లేచి పెరటిలోకి వెళ్ళింది. చెరువు నిండా చేపలు మూతులు పైకెత్తి గుటకలు వేస్తున్నాయి. నాలుగు పెద్ద చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఆమె కేకకు భర్త పరుగెత్తుకు వచ్చాడు. పొరుగింటి కుర్రవాడు చూసి, "బాబాయ్, ఇదేదో తెగులు. సంతకు వెళ్ళి మందు తెచ్చి చల్లెయ్" అన్నాడు. ఇటువంటప్పుడు ఆ ఇంటి యజమాని ఏమి చేయాలి? మందు కోసం సంతకు పరుగెత్తాలా? లేక ముందు చెరువు గట్టున నిలబడి ఆలోచించాలా?

దీనికి జవాబు తెలియాలంటే నీటిలోని ప్రాణవాయువు సంగతి తెలియాలి. చేప కూడా మనవలెనే ఆక్సిజన్ పీల్చి బతుకుతుంది. అయితే అది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను మొప్పల ద్వారా తీసుకుంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపలు హాయిగా ఉంటాయి. 3 మిల్లీగ్రాములకు తగ్గితే ఇబ్బంది పడతాయి. చెరువు నీటిని పచ్చగా చేసే సన్నని మొక్కలను వృక్ష ప్లవకాలు అంటారు. ఇవి పగలు సూర్యకాంతిలో ఆహారాన్ని తయారుచేసుకుంటూ ఆక్సిజన్‌ను విడిచిపెడతాయి. రాత్రి వెలుతురు ఉండదు కనుక అవి ఆక్సిజన్‌ను ఇవ్వలేవు. పైగా చేపలతోపాటు అవి కూడా దానిని వాడుకుంటాయి. అడుగున కుళ్ళే మేత, ఆకులు, పేడ మరికొంత లాగేస్తాయి. అందువల్ల నీటిలో ఆక్సిజన్ సాయంకాలం ఎక్కువగానూ, తెల్లవారే ముందు అతి తక్కువగానూ ఉంటుంది. రెండు మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే ఈ కొరత మరీ ఎక్కువవుతుంది.

పై ఉదాహరణలో అన్ని రకాల చేపలూ ఒకేసారి తెల్లవారుజామున పైకి వచ్చాయి. వాటి ఒంటిమీద పుండ్లు లేవు, మచ్చలు లేవు. ముందుగా చచ్చినవి పెద్ద చేపలు. ఎండ పొడిచిన తరువాత మిగిలినవి మెల్లగా తేరుకుని అడుగుకు పోతాయి. ఇవన్నీ ఆక్సిజన్ కొరతకు గుర్తులు. ఇది తెగులు కాదు, ఉక్కిరిబిక్కిరి. అప్పుడు చేయవలసిన పని చెరువుకు గాలి అందించడం. ఇంజను పెట్టి మంచినీటిని పైనుండి చిమ్మేటట్టు తోడిపోయాలి. ఇంజను లేనివారు బిందెలతో నీటిని ఎత్తి పోయవచ్చు, వెదురు గడలతో నీటి పైభాగాన్ని కొట్టవచ్చు. ఆ రోజు మేత వేయరాదు. కొన్నాళ్ళపాటు పేడ వేయడం మానాలి. ఇటువంటి సమయంలో తెలియని మందు చల్లితే, ఊపిరాడక ఉన్న చేపకు విషం పెట్టినట్టే అవుతుంది.

చేపలు చనిపోయే తీరును బట్టి కారణాన్ని చాలావరకు ఊహించవచ్చు. తెల్లవారుజామున అన్ని రకాలూ ఒక్కసారిగా బాధపడితే ఆక్సిజన్ కొరతను అనుమానించాలి. పగలూ రాత్రీ అనే భేదం లేకుండా చేపలతోపాటు కప్పలు, నత్తలు, నీటి పురుగులు కూడా చనిపోతే పక్క పొలంలో చల్లిన పురుగుమందు వాననీటితో కొట్టుకువచ్చిందేమో చూడాలి. అలా కాక, మొదటి రోజు ఒకటి, మరునాడు రెండు, తరువాత నాలుగు చొప్పున, అందులోనూ ముఖ్యంగా ఒకటి రెండు రకాల చేపలే చనిపోతూ ఉంటే అప్పుడు అది అంటువ్యాధి కావచ్చు.

వ్యాధి అని అనుమానం కలిగినప్పుడు చేపను పట్టి చూడాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నీటిపై తేలిన చచ్చిన చేపను తీసి పరీక్షిస్తారు. చేప చనిపోయిన కొద్దిసేపటికే మొప్పల రంగు వెలిసిపోతుంది. ఒంటిమీది పరాన్నజీవులు దానిని విడిచి పోతాయి. కుళ్ళు మొదలై, లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుచేత ప్రాణంతో ఉండి నీరసించిన చేపనే చేతి వలతో పట్టి పరీక్షించాలి. దానితోపాటు ఆరోగ్యంగా ఉన్న చేపను కూడా ఒకదానిని పట్టి, రెండింటినీ పోల్చి చూడడం మంచిది.

ముందుగా మొప్ప మూతను ఎత్తి చూడాలి. ఆరోగ్యమైన మొప్పలు నిగనిగలాడే ఎరుపు రంగులో ఉంటాయి. పాలిపోయి ఉంటే రక్తహీనత. అంచులు చిరిగి, తెల్లబడి ఉంటే మొప్పల కుళ్ళు. జిగురు దట్టంగా పేరుకుంటే కంటికి కనిపించని పరాన్నజీవులు చేరి ఉండవచ్చు. మొప్పలు మట్టిరంగుకు తిరిగితే నీటిలో నైట్రైట్ పెరిగి రక్తం ఆక్సిజన్‌ను మోయలేక పోతున్నదని గ్రహించాలి. ఆ తరువాత పొలుసులను, వాజాలను, తోకను, కళ్ళను, పొట్టను వరుసగా చూడాలి. తోక, వాజాలు అంచుల నుండి అరిగిపోతూ ఉంటే తోక-వాజాల కుళ్ళు వ్యాధి. పొట్ట ఉబ్బి, పొలుసులు నిక్కబొడుచుకుని ఉంటే జలోదరం. గాయమైన చోట దూదిపింజ వంటి తెల్లని బూజు పెరిగితే అది శిలీంధ్రం పని.

చేప గట్టుకు, రాళ్ళకు ఒంటిని రాసుకుంటూ, ఉన్నట్టుండి నీటిపైకి ఎగురుతూ ఉంటే చేప పేను పట్టిందేమో చూడాలి. దీనిని శాస్త్రజ్ఞులు ఆర్గులస్ అంటారు. ఇది బల్లపరుపుగా, కందిబద్దకంటె చిన్నదిగా ఉంటుంది. కంటికి కనబడుతుంది. చేప ఒంటికి అతుక్కుని రక్తం పీలుస్తుంది. అది చేసిన గాయం గుండా వేరే రోగాలు ప్రవేశిస్తాయి. కొల్లేటి ప్రాంతంలో చేపల చెరువులు విస్తరించిన తరువాత అక్కడి రైతులను ఎక్కువగా బాధించిన పురుగులలో ఇది ఒకటి. దీని జీవిత విధానం తెలిస్తే దీనిని అదుపు చేసే ఉపాయం కూడా తెలుస్తుంది. ఆడ పేను గుడ్లు పెట్టడానికి చేపను విడిచి, రాళ్ళు, కర్రలు వంటి గట్టి వస్తువులను వెతుక్కుంటుంది. కావున చెరువులో అక్కడక్కడ వెదురు కర్రలు పాతి, కొద్ది రోజులకు ఒకసారి తీసి ఎండలో బాగా ఎండబెట్టి, మళ్ళీ పాతాలి. గుడ్లు ఎండలో నశిస్తాయి. పైసా ఖర్చు లేని ఈ పద్ధతిని ఓపికగా పాటిస్తే పేను సంతతి తగ్గిపోతుంది. పురుగును చంపే రసాయనాలు లేకపోలేదు. కాని అవి మోతాదు మించితే చేపలకు, రొయ్యలకు కూడా ప్రాణాపాయం. మత్స్యశాఖవారు చెప్పనిదే వాటిని వాడరాదు.

చేపల వ్యాధులలో మన దేశాన్ని ఎక్కువగా భయపెట్టినది పుండ్ల వ్యాధి. మొదట ఒంటిమీద ఎర్రని మచ్చలు కనిపిస్తాయి. అవి పుండ్లయి, కండను తొలుచుకుంటూ ఎముక దాకా పోతాయి. 1971లో జపానులోనూ, 1972లో ఆస్ట్రేలియాలోనూ కనిపించిన ఈ వ్యాధి ఆగ్నేయాసియా దేశాల మీదుగా వ్యాపించి 1988లో బంగ్లాదేశ్‌లోనూ, అదే సంవత్సరం మన ఈశాన్య రాష్ట్రాలలోనూ ప్రవేశించింది. తరువాతి కొద్ది సంవత్సరాలలో దక్షిణాదికి కూడా పాకింది. కొర్రమీను, పరిగ, మార్పు వంటి చేపలు దీనికి ఎక్కువగా బలి అయ్యాయి. పుండ్లు పడిన చేపలను చూసి జనం చేపలు కొనడమే మానుకున్నారు. ఆరోగ్యమైన చేపలను తెచ్చిన జాలరి కూడా అమ్ముడు కాని గంపతో ఇంటికి తిరిగి వెళ్ళవలసి వచ్చింది.

ఈ వ్యాధికి కారణమేమిటన్న విషయంలో శాస్త్రజ్ఞులు చాలాకాలం ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. పుండులో బాక్టీరియా కనిపించింది. కొన్ని చోట్ల వైరస్ కూడా దొరికింది. పురుగుమందులే కారణమని కొందరు భావించారు. చివరకు, శిలీంధ్రాన్ని పోలిన ఒక నీటి బూజు చేప కండలోకి చొచ్చుకుపోయి ఈ వ్యాధిని కలిగిస్తున్నదని 1990వ దశకంలో తేలింది. దాని పేరు అఫనోమైసిస్ ఇన్వడాన్స్. బాక్టీరియా ఆ పుండులోకి తరువాత వచ్చి చేరేదే. పుండులో కనిపించిన ప్రతిదీ పుండుకు కారణం కాదన్నది ఈ చరిత్ర నేర్పిన పాఠం. గాలించి తెలుసుకున్న శాస్త్రజ్ఞులకే ఇన్నేళ్ళు పట్టినప్పుడు, గట్టుమీద నిలబడి ఒక్క చూపుతో జబ్బు పేరు చెప్పడం ఎంత సాహసమో ఊహించవచ్చు.

పుండ్ల వ్యాధి సాధారణంగా భారీ వర్షాల తరువాత, నీరు చల్లబడే చలికాలంలో వస్తుంది. వరద వచ్చినప్పుడు గట్లు మునిగి, కాలువలలోని అడవి చేపలు చెరువులలో ప్రవేశిస్తాయి. వాటితో వ్యాధి కూడా వస్తుంది. 1986 ఆగస్టు గోదావరి వరదను, 1996 నవంబరు తుపానును చూసిన యానాం ప్రాంతం 2022 జూలైలో మళ్ళీ వరద నీటిలో మునిగింది. ఇటువంటి చోట చెరువు గట్టును ఎత్తుగా, గట్టిగా వేసుకోవడం, నీరు వచ్చే తూముకు సన్నని జాలీ కట్టడం చేపలకు టీకా వేయించడంతో సమానం. చలికాలం ప్రవేశించక ముందే సున్నం చల్లడం కూడా మంచిది. బంగారుతీగ చేపకు ఈ వ్యాధిని తట్టుకునే శక్తి ఎక్కువ.

ఈ వ్యాధి వ్యాపించిన రోజులలో ఒడిశాలోని భువనేశ్వర్ సమీపాన కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 'సిఫాక్స్' అనే మందును తయారుచేశారు. ఒక హెక్టారు విస్తీర్ణంలో ఒక మీటరు లోతు ఉన్న నీటికి దీనిని ఒక లీటరు చొప్పున వాడాలి. ఇక్కడే లెక్కల అవసరం కలుగుతుంది. ఒక హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. మీటరు లోతున ఆ నీరు 10,000 ఘనపు మీటర్లు. పైన చెప్పుకున్న పెరటి చెరువులో నీరు 20 × 10 × 1.5, అనగా 300 ఘనపు మీటర్లు. 10,000 ఘనపు మీటర్లకు 1,000 మిల్లీలీటర్లయితే 300 ఘనపు మీటర్లకు 30 మిల్లీలీటర్లు. అంటే ఆ చెరువుకు కావలసింది రెండు మూడు పెద్ద చెంచాల మందు మాత్రమే. లెక్క తెలియక సీసా అంతా ఒంపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సున్నం సంగతి కూడా ఇంతే. హెక్టారుకు 200 కిలోలు అనుకుంటే, 200 చదరపు మీటర్ల ఈ చెరువుకు 4 కిలోలు చాలు. దానిని నీటిలో కలిపి చెరువంతటా సమానంగా చల్లాలి. చల్లే ముందు నీటి ఉదజని సూచికను చూడాలి. అది 8.5 దాటి ఉంటే సున్నం వేయరాదు. పట్టి తెచ్చిన చేప పిల్లలను చెరువులో వదిలే ముందు ఉప్పునీటిలో ముంచి తీయడం పాత పద్ధతి అయినా మంచి పద్ధతి. పది లీటర్ల నీటిలో 300 గ్రాముల ఉప్పు కరిగించి, పిల్లలను ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. ముందుగా రెండు మూడు పిల్లలతో పరీక్షించి చూసి, అవి ఒరిగిపోతే వెంటనే మంచినీటిలోకి మార్చాలి.

మనుషులకు వాడే యాంటీబయాటిక్ మాత్రలను పొడిచేసి మేతలో కలపడం కొందరు చేసే పెద్ద తప్పు. జబ్బు బూజు వల్ల వచ్చినదైతే ఆ మాత్ర పనిచేయదు. బాక్టీరియా వల్ల వచ్చినదైతే, చాలీచాలని మోతాదుకు అలవాటు పడిన బాక్టీరియా మరింత మొండిదవుతుంది. మందు అవశేషాలు చేప కండలో నిలిచి, తిన్నవారి ఒంటిలో చేరుతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటి మందులను ఆహారపు చేపల పెంపకంలో వాడకుండా మన దేశంలో నిషేధించారు. ఏ మందు వాడాలో తేల్చవలసినవారు నిపుణులే.

నిపుణుల దగ్గరకు వెళ్ళేటప్పుడు కూడా పద్ధతి ఉన్నది. నీరసించిన చేపలను రెండింటిని నీటితో సగం నింపిన ప్లాస్టిక్ సంచిలో, మిగిలిన సగం గాలి నింపి బిగించి తీసుకుపోవాలి. ప్రాణంతో తీసుకుపోవడం వీలుకాకపోతే మంచులో పెట్టాలి. చెరువు నీటిని వేరే శుభ్రమైన సీసాలో పట్టుకోవాలి. చేపలు ఏనాడు వదిలినది, ఎన్ని చచ్చినది, ఏ మేత ఎంత వేసినది, చివరిసారి నీరు ఎప్పుడు మార్చినది ఒక కాగితంమీద రాసుకుని వెళ్ళాలి. యానాంకు సమీపంలోనే ఉన్న కాకినాడలో మత్స్య విద్యకు, శిక్షణకు సంబంధించిన సంస్థలు ఉన్నాయి. యానాంలోనూ మత్స్యశాఖ కార్యాలయం ఉన్నది.

అన్నిటికంటె మంచి వైద్యం జబ్బు రాకుండా చూసుకోవడం. చేపల మొత్తం బరువులో నూటికి రెండు మూడు వంతులకు మించి మేత వేయకూడదు. 150 చేపలు ఒక్కొక్కటి 400 గ్రాములుంటే మొత్తం 60 కిలోలు. వాటికి రోజుకు 1,200 గ్రాముల తవుడు, వేరుశనగ చెక్కల మిశ్రమం సరిపోతుంది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళి విషమవుతుంది. ఆకులు రాలే చెట్ల కొమ్మలను చెరువు మీదికి రానీయరాదు. మోచేతి వరకు చేయి నీటిలో ముంచి చూసినప్పుడు అరచేయి లీలగానైనా కనబడాలి. అంతకు ముందే మాయమైతే పచ్చదనం మితిమీరినదని గ్రహించి పేడ, మేత తగ్గించాలి. వేసవిలో చేపలు పట్టిన తరువాత చెరువును నెర్రెలు విచ్చేవరకు ఎండబెట్టి, నల్లని బురదను తీసివేసి, సున్నం చల్లి, ఆ తరువాతే కొత్త నీరు పెట్టాలి. వేసవిలో గోదావరి నీరు తగ్గి ఉప్పునీరు పైకి పోటెత్తినప్పుడు ఆ నీటిని చెరువుకు పెట్టరాదు.

ఒక చెరువులో వాడిన వలను ఎండలో ఆరవేయకుండా మరొక చెరువులో వాడరాదు. చచ్చిన చేపలను కాలువలోనో, గోదావరిలోనో పారవేయరాదు. అలా పారవేసిన చేప పక్క ఊరి చెరువుకు జబ్బును మోసుకుపోతుంది. వాటిని దూరంగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చిపెట్టాలి. చేతికి గాయం ఉన్నవారు జబ్బు చేపలను తాకకూడదు. నీరు ఇంటి గట్టు దగ్గర ఆగిపోయేది కాదు. ఒకరి చెరువు తూము మరొకరి కాలువలోకే పోతుంది. అందువల్ల చేపల ఆరోగ్యం ఒక ఇంటి వ్యవహారం మాత్రమే కాక ఊరందరి వ్యవహారం కూడా అవుతుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ పెరటి చెరువు దగ్గరకు వద్దాం. ఆ యజమాని సంతకు పరుగెత్తకుండా గట్టున నిలబడి చూశాడనుకుందాం. చేపల ఒంటిమీద మచ్చలు లేవని గమనించాడు. రాత్రంతా మబ్బు పట్టి ఉన్నదని, నిన్న తవుడు ఎక్కువగా వేశారని ఇల్లాలిని అడిగి తెలుసుకున్నాడు. పొరుగింటి కుర్రవాడినే పిలిచి, ఇంజను తెప్పించి నీరు తోడించాడు. పొద్దెక్కేసరికి చేపలు అడుగుకు చేరాయి. పోయినవి నాలుగు, మిగిలినవి 146. ఆయన చల్లిన మందు ఏదీ లేదు. కళ్ళతో చూడడం, కారణం అడగడం, ఆ తరువాతే చేయి కదపడం, ఈ మూడే ఆ చేపలను బతికించాయి.